క్షమాభిక్ష కాగితం

కిందటి వారం, కామ్రేడ్ మాలగూతి మా గుమ్మంలో నిలబడి, టోపీ అయినా తీయకుండా "ఇంట్లో అందరూ ఉన్నారా? అందరూ ఉంటేనే మంచిది" అన్న దగ్గర ఆపాను. అక్కడ ఆపినందుకు నన్ను తిట్టిపోస్తూ బోలెడు ఉత్తరాలు వచ్చాయని మా ఎడిటరు గారు మహా సంబరంగా ఫోను చేశారు. ఆయన సంబరం ఆయనది. ఆ ఆదివారం గురించి రాయడం నాకు ఇన్నేళ్ల తర్వాత కూడా తేలిక కాదు.

కొత్తగా చేరిన పాఠకులకు నాలుగు ముక్కలు చెప్పి కథలోకి పోతాను. అది 1953 ఏప్రిల్. పో నది దిగువన మా ఊరు కాజాల్బెర్తో. మా అన్నయ్య అడెల్మో జక్కరీనికి అప్పుడు నలభై రెండేళ్లు. ఫాసిస్టుల కాలంలో కమ్యూనిస్టు కరపత్రాలు పంచినందుకు పదేళ్ల శిక్ష పడింది. నాలుగేళ్లు జైల్లో ఉండి క్షమాభిక్ష మీద బయటికొచ్చాడు. యుద్ధం చివర్లో తుపాకి పట్టాడు. ఆ తర్వాత ఏడేళ్లుగా మా ఊరి మేయరు. పిల్లల బడి, మురుగు కాలవలు, కూలీల సహకార సంఘం అన్నీ అన్నయ్య చేతి మీదుగా వచ్చినవే. ఏడాదిన్నర కిందట వరదొచ్చినప్పుడు మూడు రోజులు పడవ దిగలేదు. చర్చి ఫాదరు గారి కోళ్లని కూడా తనే గట్టెక్కించాడు. జూన్‌లో పార్లమెంటు ఎన్నికలు. జిల్లా అభ్యర్థుల జాబితాలో అన్నయ్య పేరు మూడోది. జాబితా సోమవారం పొద్దున్న దాఖలు చెయ్యాలి. ఆదివారం అయిదింటికి మా ఊరి కూడలిలో సభ. మా ఇల్లు ఆ కూడలిలోనే.

ఆ క్షమాభిక్ష మా అమ్మ ఆర్జియా పెట్టుకున్న అర్జీ వల్ల వచ్చిందని ఊరంతటికీ తెలుసు. అమ్మకి చదువు రాదు. అమ్మ చెబుతుంటే ఆ అర్జీ రాసింది నేను, జెలిండాని. అప్పుడు నాకు పదమూడేళ్లు.

"కొడుకు కోసం తల్లి అర్జీ పెట్టుకుంటే తప్పేముంది?" అని ఒకావిడ ఉత్తరంలో నన్ను నిలదీశారు. అమ్మా, మీరు యుద్ధం తర్వాత పుట్టి ఉంటారు. ఆ రోజుల్లో మావాళ్లకి జైలుకెళ్లడం గౌరవం. క్షమించమని అడగడం మాత్రం చావుకన్నా హీనం. తల్లులు ఉండబట్టలేక అర్జీలు పెట్టేవారు. కొడుకులు జైల్లోంచి "నువ్వు చేసింది నాకు సమ్మతం కాదు, ఇక నాకు ఉత్తరాలు రాయకు" అని ఆ తల్లులకే రాసేవారు. ఆ ఉత్తరాలు తోటి కామ్రేడ్లంతా చదివి భుజం తట్టేవారు. తల్లులు కూడా అది ఆచారమన్నట్టే భరించారు. నాకు మాత్రం ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

1937 మార్చిలో అన్నయ్య వచ్చాడు. ఇంట్లోకి అడుగు పెట్టలేదు. వీధిలో పదిమంది చూస్తుండగా గుమ్మం ముందు నిలబడి "నా పరువు తీశావమ్మా, ఆ అర్జీ పెట్టి నన్ను చంపేశావు" అన్నాడు. తిరిగి చూడకుండా మేనమామ ఇంటికి వెళ్లిపోయాడు. ఏడాదిపాటు మా ఇంట్లో ముద్ద ముట్టలేదు. ఆ ఏడాదంతా అమ్మ అన్నయ్య పళ్లెం బల్ల మీద పెడుతూనే ఉంది. కాలవ దగ్గర బట్టలుతికే ఆడవాళ్లు అమ్మని చూడగానే "జరగండే, దూచేగారి చుట్టం వచ్చింది" అనేవాళ్లు. దూచే అంటే ఫాసిస్టుల అధినేత, క్షమాభిక్షలిచ్చేది ఆయనే. అమ్మ తడిబట్టల బుట్ట ఎత్తుకుని ఇంకో అర కిలోమీటరు కిందికి నడిచేది. బుట్టకి రెండో పక్క నేను పట్టుకునేదాన్ని. ఆ అర్జీ నా చేత్తో రాశానన్న సంగతి మా ఇంటి గోడలు దాటలేదు. దానికి పడాల్సిన మాటలన్నీ అమ్మే పడింది.

ఇక ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలు. సభకి వచ్చే జిల్లా నాయకులకి రాత్రి భోజనం మా ఇంట్లోనే కాబట్టి అమ్మ బల్ల నిండా పాస్తా పిండి పరిచి, బారెడు కర్రతో ఒత్తుతోంది. మాలగూతి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. జిల్లా పార్టీలో కార్యకర్తల మంచిచెడ్డలు విచారించే సంఘానికి ఆయనే పెద్ద. మనిషి పొట్టి, మాట ఇంకా పొట్టి. తొమ్మిదేళ్లు జైల్లో ఉండి ఒక్క కాగితం మీద కూడా సంతకం పెట్టకుండా బయటికొచ్చినవాడు.

"ఏంటి మాలగూతీ, సైకిలు నడిపించుకుంటూ వచ్చావు?" అంది అమ్మ.

"పంక్చరు, పిన్నీ."

"ఎదురుగా దోవీలియో కొట్టు తెరిచే ఉందిగా?"

మాలగూతి టోపీ సర్దుకున్నాడు. అన్నయ్య కిటికీ వైపు తిరిగాడు.

దోవీలియో సంగతి మీకు చెప్పాలి. జైల్లో అన్నయ్య, మాలగూతి, దోవీలియో ముగ్గురూ ఒకే గదిలో ఉండేవాళ్లు. దోవీలియో వాళ్లమ్మ అంత దూరం రైల్లో వెళ్లి, కటకటాల అవతల కూలబడి ఏడిస్తే అతను క్షమాభిక్ష అర్జీ మీద సంతకం పెట్టాడు. గదిలో కామ్రేడ్లంతా కూర్చుని, ఇక వీడితో ఎవరూ మాట్లాడకూడదని తీర్మానం చేశారు. అదే గదిలో, అదే గంజి తాగుతూ, పద్నాలుగు నెలలు అతనితో ఒక్కరు కూడా మాట్లాడలేదు. ఇంతా చేసి దూచే అతని అర్జీ తిప్పికొట్టాడు. శిక్షంతా అనుభవించి వచ్చి కూడలిలో సైకిళ్ల కొట్టు పెట్టుకున్నాడు. మా పార్టీవాళ్లు చక్రంలో గాలి పోతే పక్క ఊరిదాకా నడిపించుకుంటూ పోతారు గానీ ఆ కొట్టు గడప తొక్కరు.

"విషయం చెప్పు" అన్నాడు అన్నయ్య. "అయిదింటికి సభ ఉంది."

మాలగూతి లోపలి జేబులోంచి ఒక ఫొటో తీసి, పిండి అంటని చోటు చూసి బల్ల మీద పెట్టాడు.

"ఫాదరు గారి పక్షం వాళ్ల పత్రికలో గురువారం దీన్ని వేస్తారట. పాత పోలీసు బీరువాల్లో దొరికిందట. వాళ్ల ప్రెస్సులో పనిచేసే మనవాడొకడు ఫొటో పట్టుకొచ్చాడు. నీ క్షమాభిక్ష అర్జీ."

"అందరికీ తెలిసిందేగా" అంది అమ్మ, పిండి మీంచి కళ్లెత్తకుండా. "నేను పెట్టించిందే."

"తెలుసు పిన్నీ. కింద మీ ఇంటూ గుర్తుంటే గొడవే లేదు. అడెల్మో పేరుతో సంతకం ఉంది. వాడే స్వయంగా రాసుకున్నాడని వాళ్లు డప్పు కొడతారు. మీకు చదువు రాదు, మీ ఇంట్లో అప్పుడు రాయడం వచ్చింది జెలిండాకే. అందుకని జెలిండా ఒక కాగితం రాసిస్తే చాలు. అప్పటికి తను చిన్నపిల్ల, అమ్మ చెప్తే అన్న పేరు కూడా తనే పెట్టింది అని. రేపు మన పత్రికలో వేసేస్తాం. అంతటితో వాళ్ల నోరు మూతపడుతుంది."

ఫొటో నా ముందుకు జరిపాడు.

నేను రాసిన అర్జీ నాకు గుర్తులేకపోవడమేంటి? బడి నోటుపుస్తకంలోంచి చింపిన గళ్ల కాగితం. "జక్కరీని ఆర్జియా అను నేను విన్నవించుకొనునది" అని మొదలు. కింద అమ్మ పెట్టిన ఇంటూ గుర్తు. ఈ ఫొటోలో ఉన్నది గళ్లు లేని తెల్ల కాగితం. పైన జైలు ముద్ర. "నా గత రాజకీయ విశ్వాసాలను మనస్ఫూర్తిగా విడనాడుతున్నాను" అని ఉంది. ఆ అక్షరాలు ఏడేళ్లుగా మేయరు నోటీసుల్లో రోజూ చూస్తున్నవే. తేదీ 1937 జనవరి పదకొండు.

తలెత్తేసరికి అన్నయ్య నన్నే చూస్తున్నాడు. ఇరవయ్యేళ్లుగా ఎవరి ముందూ తల దించని మనిషి నా ముందు కళ్లు దించుకున్నాడు. నాకు ముందు భయమేసింది. ఆ వెంటనే ఆ ఏడాదంతా బల్ల మీద ఖాళీగా ఉన్న పళ్లెం గుర్తొచ్చి, ఒత్తుడు కర్ర లాక్కుని అన్నయ్య నెత్తిన ఒక్కటి వెయ్యాలనిపించింది. అన్నయ్య మీద నాకు అంత కోపం ముందెప్పుడూ రాలేదు, తర్వాతా రాలేదు.

"ఏమే, రాయవే" అంది అమ్మ.

"అమ్మా, నువ్వు కాగితం చూడనైనా లేదు."

"చూస్తే మాత్రం నాకేం తెలుస్తుంది? నువ్వు రాశావు, నేను రాయించాను. రాసివ్వు, పాపం ఆయనకి అవతల సభ పనులున్నాయి."

మాలగూతి తెల్ల కాగితం, పెన్ను నా చేతికిచ్చి చెప్పడం మొదలుపెట్టాడు. నా చెయ్యి దానంతటదే రాస్తోంది. "జెలిండా జక్కరీని అను నేను, చక్కెర ఫ్యాక్టరీ కార్మికురాలిని..." బయట కూడలిలో మైకులు కడుతున్నారు. ఎవరో "ఒకటి, రెండు, ఒకటి, రెండు" అంటున్నారు. "...నాకు పదమూడేళ్ల వయసులో, నా తల్లి ప్రోద్బలంతో..."

"ప్రోద్బలం అంటే ఏంటే?" అంది అమ్మ.

"నువ్వు వెనకాల పడి, పొడిచి పొడిచి నా చేత చేయించావని."

"ఆ, అలాగే రాయి. పొడిచానని రాయి. ఇంకేమన్నా గట్టి మాట ఉంటే అది కూడా వెయ్యి."

మాలగూతికి నవ్వొచ్చింది. నాకు పెన్ను ముందుకు కదల్లేదు. పదహారేళ్ల కిందట ఊరు అమ్మ మీద వేసిన మట్టి చాలదన్నట్టు, ఇప్పుడు నా చేత్తో, జిల్లా మొత్తానికి అచ్చువేసి పంచబోతున్నారు. అది కూడా అబద్ధం. రాయకపోతే అన్నయ్య రేపటితో సరి. ఎటూ పాలుపోక పెన్ను పట్టుకుని అలాగే కూర్చున్నాను.

"ఏమ్మా, ఆగావే?" అన్నాడు మాలగూతి.

"చెయ్యి తిమ్మిరెక్కింది."

"పెన్ను ఇలా ఇవ్వు జెలిండా" అన్నాడు అన్నయ్య.

లేచి వచ్చి నా చేతిలోంచి పెన్ను తీసుకుని మూత బిగించి మాలగూతి ముందు పెట్టాడు.

"దాని చేత రాయించకు. ఆ అర్జీ నేనే రాశాను. సంతకం నాదే."

"మళ్లీ చెప్పు."

"నేనే రాశాను. మీ దగ్గర్నుంచి నన్ను ఊపిరితిత్తుల వార్డుకి మార్చారు కదా. చుట్టూ ఎవరూ లేరు. రక్తం కక్కుకుంటున్నాను. పక్క మంచం వాడు రెండు రోజులుగా అమ్మా అమ్మా అని మూలిగి మూడో రోజు పోయాడు. నాకు ఇరవై ఆరేళ్లు మాలగూతీ. భయమేసింది. ఇంటికెళ్లాలనిపించింది. అంతే. గొప్ప కారణం ఇంకేదన్నా ఉందేమోనని ఇన్నేళ్లూ వెతికాను. లేదు."

మాలగూతి టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆయన నెత్తి మీద జుట్టు లేదని నాకు అప్పుడే తెలిసింది. టోపీ అంచు వేళ్లతో తిప్పాడు.

"దోవీలియో మీద తీర్మానం ఎవరు పెట్టారు?" అన్నాడు చివరికి.

"నేనే."

"ఎవరూ వాడితో మాట్లాడకూడదని అన్నదెవరు?"

"నేనే."

"ఓ రోజు వాడు ఉప్పు ఇటివ్వమని అడిగాడు. నాకు గుర్తుంది. ఉప్పు నా పక్కనే ఉంది. నేను మొహం తిప్పుకున్నాను. నీ మాట మీద రా అడెల్మో. మాలో నీ అంత నిప్పులాంటివాడు లేడనుకుని, నీ మాట మీద." టోపీని మోకాలి మీద కొట్టాడు. "ఏడాది తిరక్కుండా నువ్వు పోయి సంతకం పెట్టావు. పెట్టి, ఇంటికొచ్చి, అదంతా తల్లి నెత్తిన రుద్దావు. ఆవిడ వంట తిననని ఏడాదిపాటు నాటకమాడావు. పార్టీ శిక్షణ బడిలో రాసిచ్చిన నీ జీవితకథలో కూడా దాని గురించి చెప్పుకున్నావు. తల్లితో బంధం తెంచుకున్న మనిషని అందరికీ నీ కథ చదివి వినిపించింది నేనే."

"తిట్టు" అన్నాడు అన్నయ్య. "ఇంకా తిట్టు."

"తిట్టి ఏం చెయ్యను నిన్ను!"

అన్నయ్య అమ్మ వైపు తిరిగాడు. సభల్లో గంటలకొద్దీ దంచే మనిషి ఒక్క మాటే, "అమ్మా" అన్నాడు. అమ్మ ఒత్తిన పిండిని చుట్టచుట్టి, కత్తితో సన్నగా కోస్తోంది. చేతివేగం తగ్గలేదు.

"నాకు తెలుసురా" అంది.

"ఏం తెలుసు?"

"నువ్వు పెట్టావని. ఇది రాసిన అర్జీ పట్టుకుని నేను పట్నం పోలీసు ఆఫీసుకి పోయానా? అక్కడ మీసాల గుమాస్తా ఒకడు ఫైలు తెరిచి చూసి ఒకటే నవ్వు. 'మీవాడు నీకన్నా చురుకు ముసలమ్మా, వాడి అర్జీ వచ్చి వారమైంది, నీది మాకెందుకు, పట్టుకుపో' అన్నాడు. అప్పటికి నాకు యాభై రెండేళ్లు. ముసలమ్మట! పట్టుకొచ్చేశాను."

కత్తి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, లోపలికెళ్లింది. దుప్పట్ల సొరుగు లాగిన చప్పుడయింది. నాలుగు మడతల గళ్ల కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. విప్పాను. నా పదమూడేళ్ల నాటి అక్షరాలు, రెండు చోట్ల సిరా మరక, కింద అమ్మ ఇంటూ గుర్తు.

నేను ఏడ్చాను. అన్నయ్య పరువు తీసిన అర్జీ నా చేతిదేనని పదహారేళ్లు లోలోపల కుమిలాను. ఎవరైనా నా చేతిరాత బాగుందంటే కూడా కాగితం దాచేసేదాన్ని. అది ఏ బల్ల మీదికీ పోలేదు, ఎవరూ చదవలేదు. దుప్పట్ల మధ్య పడుంది.

"మరి చెప్పవేం!" అని అరిచాను. "కాలవ దగ్గర వాళ్లు అన్నేసి మాటలంటుంటే ఒక్క మాట చెప్పవేం! నాకైనా చెప్పవేం!"

"నీకు చెప్తే నీ నోట్లో ఆగుతుందిటే?" అంది అమ్మ. తర్వాత అన్నయ్య వైపు చూసింది. "వీడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఎముకల పోగులా ఉన్నాడు. 'నువ్వే చేశావు' అన్నాడు. కాదురా, నువ్వే చేశావని అనడానికి నోరు తెరిచాను. మొహం చూశాను. కాదంటే వాడికింకేం మిగుల్తుంది? పార్టీ తప్ప వాడికింకేం ఉందప్పుడు? నాకైతే ఇల్లుంది, కోళ్లున్నాయి, ఈ పిల్లుంది. మాటలదేముంది, పడొచ్చు. అన్నం తినకపోవడమే కష్టమనిపించిందిరా. అది మాత్రం చాలా కష్టమనిపించింది."

అన్నయ్య గోడ పట్టుకుని కిందికి జారి అలాగే నేల మీద కూర్చుండిపోయాడు. మా మేయరు, కాబోయే పార్లమెంటు సభ్యుడు, మొహం చేతుల్లో దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. అమ్మ దగ్గరికెళ్లి తల మీద చెయ్యేసింది. జుట్టంతా పిండయింది.

అంతలో మాలగూతి ఏం చేశాడో తెలుసా? గళ్ల కాగితం నా ముందు నుంచి తీసి, వెలుతురుకి పట్టి చదివాడు. ఆయన మొహం మారింది.

"ఇది చాలు" అన్నాడు.

"దేనికి?"

"అసలు అర్జీ ఇదీ, వాళ్ల చేతిలో ఉన్నది దొంగది అని చెప్పడానికి. తల్లి గుర్తుంది, పాత కాగితం, పాత సిరా. ఎవడు కాదంటాడు? ఇది చూపిస్తే వాళ్ల పత్రిక ఏం వేసినా ఊరు నవ్వుతుంది."

"మాలగూతీ!" అన్నాడు అన్నయ్య నేల మీంచే.

"నువ్వు మాట్లాడకు. ఇది నీ ఒక్కడి సంగతైతే ఇప్పుడే జాబితాలోంచి కొట్టేసి పోయేవాణ్ణి. నువ్వు పోతే ఆ సీటు భూస్వాముల వకీలుకి పోతుంది. చిత్తడి నేలల దగ్గర పనిలోంచి తీసేసిన నాలుగొందల కుటుంబాలు నీ పేరు చెప్పుకుని బతుకుతున్నాయి. వాళ్లకేం చెప్పను? మీ అడెల్మోకి ఇరవై ఆరేళ్లప్పుడు భయమేసింది, మీరు ఇంకో అయిదేళ్లు పస్తులుండండని చెప్పనా?"

"మరి నిజం?" అన్నాను నేను.

"నిజం కూడా జేబులోనే ఉంది" అన్నాడు మాలగూతి. ఫొటో తీసుకున్నాడు, గళ్ల కాగితం తీసుకున్నాడు, రెంటినీ కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. "గురువారం వాళ్ల పత్రికలో చదివే ముందు ఊరు మన నోటితో వినాలి. ఈ సభలోనే చెప్పాలి. మొదట మాట్లాడేది నేను. ఏం చెప్పాలో ఇంకా నాకే తెలీదు." టోపీ పెట్టుకుని, అమ్మ ముందు ఒక్క క్షణం ఆగాడు. "పిన్నీ, ఆ రోజుల్లో మీ గురించి నేను కూడా అన్నాను. దూచేగారి చుట్టమని."

"విన్నాను" అంది అమ్మ. "నీ గొంతు దూరానికి కూడా బాగా వినపడుతుంది."

ఆయన వెళ్లాక అన్నయ్య లేచి మొహం కడుక్కున్నాడు. అమ్మ మళ్లీ కత్తి పట్టుకుంది.

"నేనేం చెయ్యనమ్మా?" అన్నాడు.

"పార్టీ సంగతులు నాకేం తెలుస్తాయిరా. దోవీలియో వాళ్లమ్మ పోయే ముందు నేను పక్కనే ఉన్నాను. నా చెయ్యి పట్టుకుని ఒకటే అడిగింది. 'నేను రైలెక్కి పోయి ఏడవబట్టే వాడికీ గతి. నేను పోయాక మావాడితో ఎవరైనా మాట్లాడతారంటావా ఆర్జియా' అని. మాట్లాడతారని చెప్పాను. నువ్వూ అదే సంతకం పెట్టావని తెలిసి కూడా, అంతే చెప్పాను."

అన్నయ్య కోటు తీసుకున్నాడు. జుట్టులో పిండి దులుపుకోలేదు. అమ్మా నేనూ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాం. కూడలి అప్పటికే నిండింది. ఎర్రజెండాలు, సైకిళ్లు, కుర్చీలు తెచ్చుకున్న ఆడవాళ్లు. అన్నయ్యని చూడగానే జనం చప్పట్లు కొట్టి దారిచ్చారు. అన్నయ్య వేదిక వైపు తిరగలేదు. కూడలికి అడ్డంగా నడిచి, మా వాళ్లెవరూ ఎక్కని ఆ గడప ఎక్కాడు.

చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

దోవీలియో ఒక చక్రాన్ని తలకిందులుగా బిగించి, కమ్మీలు సరిచేస్తున్నాడు. అన్నయ్య దగ్గరికెళ్లి ఏదో అన్నాడు. మాకు వినపడలేదు. పెదవులు కదలడం మాత్రం కనిపించింది. చాలాసేపు కదిలాయి. దోవీలియో చక్రం తిప్పుతూ, ఆపుతూ, కమ్మీ బిగిస్తూ తన పని తను చేసుకుంటున్నాడు. ఒక్కసారి కూడా తలెత్తలేదు. ఒక్క మాట పలకలేదు. అన్నయ్య మాట్లాడటం ఆపాడు. తర్వాత అక్కడున్న ముక్కాలి పీట లాక్కుని, జవాబు వచ్చేదాకా లేవనన్నట్టు కూర్చున్నాడు.

"కామ్రేడ్ అడెల్మో జక్కరీని వేదిక మీదికి వచ్చి కూర్చోవాలి" అంది మైకు.

అన్నయ్య కదల్లేదు.

"కామ్రేడ్ అడెల్మో జక్కరీని."

జనం ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. మాలగూతి వేదిక మెట్లెక్కాడు. మైకు తన పొట్టితనానికి సరిపడా కిందికి దింపుకున్నాడు. సైకిళ్ల కొట్టు వైపు ఒకసారి, మా గుమ్మం వైపు ఒకసారి చూశాడు. కళ్లజోడు పెట్టుకుని, కోటు లోపలి జేబులో చెయ్యి పెట్టి, ఒకే ఒక్క కాగితం బయటికి తీశాడు.

అమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏదే అది? నీదా, వాడిదా?"

"కనపడటం లేదమ్మా" అన్నాను.